మూడు వేల లోపు ఫిట్‌నెస్ బ్యాండు: వైజాగ్‌లో ఏడాది పైగా రోజూ నడిచాక నా రివ్యూ

ముందే చెప్పేస్తున్నా. అడుగులు లెక్కపెట్టడానికి, రోజూ మనల్ని ఇంట్లోంచి బయటికి తియ్యడానికి ఈ బ్యాండు బానే పనికొస్తుంది, పెట్టిన డబ్బులు దండగ కాదు. కానీ అది చూపించే క్యాలరీల నంబరు చూసుకుని, ఇంత కరిగించాం కదా అని తిండి దగ్గర చెయ్యి వదిలేస్తే మాత్రం ఒక్క కేజీ కూడా తగ్గరు. మనవాళ్ళు ఎక్కువమంది బరువు తగ్గుదామనే కొంటున్నారు కాబట్టి ఈ రెండో సంగతి గురించే ఎక్కువ రాస్తాను, కొంచెం ఓపిగ్గా చదవండి.

కంపెనీ పేరు రాయట్లేదు, ఎందుకంటే ఈ రేటులో దొరికేవన్నీ లోపల ఇంచుమించు ఒకటే సరుకు. చెయ్యి కదలిక పసిగట్టే సెన్సారు ఒకటి, చర్మం మీద ఆకుపచ్చ లైటు వేసి రక్తం కొట్టుకోవడం చూసి హార్ట్ రేట్ చెప్పే సెన్సారు ఇంకోటి, చిన్న స్క్రీను, ఫోన్లో యాప్, అంతే. సొంత జీపీఎస్ ఉండదు, ఫోను మనతో ఉంటేనే దూరం సరిగ్గా వస్తుంది. సేల్‌లో ఒక్కోటి 2,700 పడింది, మా ఆయనకీ నాకూ ఒకే మోడల్ తీసుకున్నాం, అందుకే రెండిటినీ పక్కపక్కన పెట్టి పోల్చుకోడానికి కూడా కుదిరింది.

మేముండేది ఎంవీపీ కాలనీలో. కొనేటప్పుడు నేను 74 కేజీలు, షుగరు బోర్డర్లో ఉంది, ఇప్పుడే మందులొద్దమ్మా, రోజూ నడువు, నడుము కొలత తగ్గించు, మూడు నెలలాగి మళ్ళీ టెస్టు చేద్దాం అన్నారు డాక్టరు గారు. నడుము కొలత అని ఎందుకన్నారంటే మన ఇండియన్లకి బరువు తక్కువున్నా పొట్ట చుట్టూ కొవ్వు ఎక్కువ చేరుతుంది, అందుకే మనకి బీఎంఐ (ఎత్తుకి తగ్గ బరువుందో లేదో చూసే లెక్క) 23 దాటితే ఓవర్‌వెయిట్, 25 దాటితే ఒబేసిటీ కింద లెక్కేస్తారు, నడుము ఆడవాళ్ళకి 80 సెంటీమీటర్లు, మగవాళ్ళకి 90 దాటకూడదంటారు. యాప్‌లో మాత్రం చాలావాటిల్లో ఫారిన్ వాళ్ళ లెక్కే ఉంటుంది, 25 లోపు ఉంటే పచ్చరంగులో "నార్మల్" అని చూపించేస్తుంది, అది చూసి ధైర్యపడిపోకండి. టైలరింగ్ సామాన్ల షాపులో దొరికే కొలత టేపు ఒకటి కూడా కొనుక్కోండి, నిజంగా చెప్తున్నా, బ్యాండు కన్నా ఆ టేపే నాకు ఎక్కువ నిజం చెప్పింది.

ఇప్పుడు అడుగుల సంగతి. తెల్లారగట్ల బీచ్ రోడ్డు మీద బండ్లు ఆపేస్తారు కదా, ఆ టైములో కోస్టల్ బ్యాటరీ వైపు నుంచి కాళీమాత గుడి, కురుసుర సబ్‌మెరైన్ దాటుకుని పార్క్ హోటల్ వైపు నడుస్తుంటే ఇంతకన్నా మంచి వాకింగ్ ట్రాక్ ఇంకే ఊళ్ళోనూ ఉండదేమో అనిపిస్తుంది నాకు, ఒక పక్క సముద్రం, ఇంకో పక్క చదునుగా రోడ్డు, హారన్లు లేవు, హడావిడి లేదు. అక్కడే చేతులు మామూలుగా ఊపుకుంటూ మనసులో 500 అడుగులు లెక్కపెట్టి చూశాను, బ్యాండు 490 చిల్లర చూపించింది, మా ఆయనది 500 మీద ఒక అయిదారు ఎక్కువ చూపించింది. ఈ రేటుకి అది చాలా బాగున్నట్టే. మామూలు వాకింగ్‌లో అడుగులకి ఢోకా లేదు.

ఎక్కడ తప్పుతుందంటే, చెయ్యి కదలకుండా కాళ్ళు కదిలిన చోట. రైతుబజార్లో రెండు చేతులా కూరగాయల సంచులు పట్టుకుని అరగంట తిరిగితే సగం అడుగులు కూడా పడవు. మా చెల్లి పాపని తోపుడు బండిలో కూర్చోబెట్టి పార్కంతా తిప్పినా అంతే. దానికి కాళ్ళు కనపడవు, చెయ్యి ఊపే కనపడుతుంది. అటు తిరగేసి చూస్తే చపాతీ పిండి కలిపినా, బట్టలు జాడించినా, గోతుల రోడ్డు మీద స్కూటీ వెనకాల కూర్చున్నా అడుగులు పడిపోతుంటాయి. రోజు మొత్తమ్మీద ఇటు పోయింది అటు వచ్చి సర్దుకుపోతుందిలే అనుకోవచ్చు గానీ, ఇంటి పనులు ఎక్కువున్న ఆడవాళ్ళకి నడవని అడుగులు కూడా కలిసిపోతాయి, అందుకని నేను నడకకి బయల్దేరేటప్పుడు యాప్‌లో "వాకింగ్" నొక్కి వేరేగా స్టార్ట్ చేస్తాను, ఆ సెషన్లో వచ్చినవే నా లెక్క.

ఇంకో సంగతి, ఇది ఏ వీడియోలోనూ ఎవరూ చెప్పలేదు నాకు. గాజులేసుకునే చేతికి బ్యాండు పెట్టుకోకండి. గాజులు నడుస్తున్నప్పుడు కిందకీ పైకీ జారుతూ వచ్చి బ్యాండు అంచుకి తగులుతాయి, అది కొంచెం కొంచెంగా మణికట్టు మీదకి జారి వదులైపోతుంది, వదులైతే అడుగున లైటుకీ చర్మానికీ మధ్య సందు వస్తుంది, అంతే, హార్ట్ రేట్ ఒకసారి 78 అంటుంది, అదే నడకలో నిమిషం తర్వాత 140 అంటుంది. నేను ఎడమ చేతికి గాజులు తీసేసి, మణికట్టు ఎముకకి ఒక వేలి వెడల్పు పైన, మోచేతి వైపు, చర్మానికి ఆనుకునేలా పెట్టుకుంటున్నా. మరీ రక్తం ఆగిపోయేంత బిగించక్కర్లేదు, చెయ్యి విదిలిస్తే జరక్కుండా ఉంటే చాలు. అలా పెట్టుకున్నాక రీడింగులు కుదురుకున్నాయి, నడక ఆపి నాడి పట్టుకుని చూసుకుంటే రెండు మూడు తేడాలోనే ఉంటోంది.

దూరం సంగతి: ఫోను తీసుకెళ్ళకపోతే మన ఎత్తుని బట్టి అడుగు ఇంత ఉంటుందని ఊహించుకుని అడుగులతో గుణించేస్తుంది. నాది పొట్టి అడుగు, అందుకే కిలోమీటరుకి కొంచెం ఎక్కువే చూపించేది. 400 మీటర్ల ట్రాక్ ఉన్న గ్రౌండు ఏదైనా మీకు దగ్గర్లో ఉంటే లోపలి లైన్లో ఒక రౌండు వేసి అడుగులు లెక్కపెట్టుకుని, అడుగు పొడవు ఎంతో తేల్చుకుని యాప్‌లో మార్చేసుకోండి, ఆ ఆప్షన్ సెట్టింగ్స్‌లో ఎక్కడో లోపల ఉంటుంది.

ఇక అసలు విషయం, క్యాలరీలు.

యాప్‌లో రెండు నంబర్లుంటాయి, చాలామంది చూసుకోరు. ఒకటి "టోటల్", ఇంకోటి "యాక్టివ్". టోటల్‌లో మనం మంచం మీద పడుకున్నా సరే గుండె, ఊపిరితిత్తులు, మెదడు నడవడానికి శరీరం ఎలాగూ ఖర్చుపెట్టేది కూడా కలిసుంటుంది. అందుకే సాయంత్రానికి 1,700, 1,800 అని కనపడుతుంది, అదంతా నడకవల్ల కరిగింది కాదు. యాక్టివ్ అన్నదే కదలికవల్ల అదనంగా ఖర్చయింది. సరే, యాక్టివ్ చూద్దామంటే అది కూడా పెంచే చూపిస్తుంది. ఎలా తెలుసంటే లెక్క వేసుకోవచ్చు, పెద్ద కష్టమేం కాదు.

ఏ పని చేస్తే ఎంత ఖర్చవుతుందో చెప్పే పట్టిక ఒకటుంది, కంపెండియం ఆఫ్ ఫిజికల్ యాక్టివిటీస్ అంటారు, 1993 నుంచి ఉంది, మధ్యమధ్యలో కొత్తగా సవరిస్తుంటారు, పరిశోధనలు చేసేవాళ్ళు చాలామంది అదే వాడతారు. ఊరికే కూర్చుంటే 1 మెట్ అంటారు, అంటే కేజీ బరువుకి గంటకి సుమారు ఒక క్యాలరీ. గంటకి 5 కిలోమీటర్ల వేగంతో చదును రోడ్డు మీద నడిస్తే సుమారు 3.5 మెట్. నా బరువు 74 వేసుకోండి. గంట నడిస్తే 74 ఇంటూ 3.5, అంటే 259. అందులో ఇంట్లో కూర్చున్నా ఖర్చయ్యే 74 తీసెయ్యాలి కదా, మిగిలింది 185. ఇదీ గంట నడకకి నాకు నిజంగా వచ్చే లాభం. నా బ్యాండు అదే గంటకి యాక్టివ్ అని చెప్పి 330, 340 చూపించేది. దాదాపు రెట్టింపు అన్నమాట.

ఇది ఈ చవక బ్యాండ్ల జబ్బొక్కటే కాదు. 2017లో అమెరికాలో స్టాన్‌ఫర్డ్ యూనివర్సిటీ వాళ్ళు 60 మందికి పేరున్న ఏడు రకాల వాచీలు, బ్యాండ్లు పెట్టి, నడిపించి, సైకిలు తొక్కించి, ఊపిరిని కొలిచే మెషీన్‌తో పోల్చి చూశారు. హార్ట్ రేట్ ఏడింటిలో ఆరు 5 శాతం తేడా లోపే చెప్పాయి. క్యాలరీల దగ్గరికొచ్చేసరికి అన్నిట్లోకీ మంచిది కూడా సగటున 27 శాతం తప్పింది, అన్నిట్లోకీ చెత్తది 93 శాతం తప్పింది. ఖరీదైన వాచీల సంగతే అలా ఉంటే మూడు వేల బ్యాండుని ఏం నమ్ముతాం చెప్పండి.

ఎందుకు తప్పుతుందంటే, క్యాలరీని అది కొలవదు, ఊహిస్తుంది. మన బరువు, ఎత్తు, వయసు, ఆడా మగా, హార్ట్ రేట్, చెయ్యి కదలిక, ఇవన్నీ ఒక ఫార్ములాలో వేసి ఒక నంబరు ఇస్తుంది, ఆ ఫార్ములా ఏంటో కంపెనీ బయటపెట్టదు. మన వైజాగ్‌లో దీనికి ఇంకో చిక్కుంది. మే నెలలో ఆరున్నరకే ఎలా ఉంటుందో తెలుసు కదా, గాలాడదు, ఒళ్ళంతా జిడ్డు, చెమట ఆరదు. చెమట ఆరకపోతే ఒళ్ళు చల్లబడదు, ఒంట్లో వేడి బయటికి పంపడానికి గుండె ఎక్కువ కొట్టుకోవాల్సొస్తుంది. పని అదే, నడక అదే, కానీ హార్ట్ రేట్ పది పదిహేను ఎక్కువ. బ్యాండు ఆ హార్ట్ రేట్ చూసి అబ్బో చాలా కష్టపడుతున్నారు అనుకుని క్యాలరీలు పెంచేస్తుంది. డిసెంబర్లో అదే దారి, అదే టైములో పూర్తిచేస్తే నాకు యాభై అరవై తక్కువ చూపించింది. చెమట ఎక్కువ పట్టింది కాబట్టి కొవ్వు ఎక్కువ కరిగిందనుకునేవాళ్ళు మా వాకింగ్ బ్యాచ్‌లో బోలెడుమంది ఉన్నారు, అది నీళ్ళు పోవడమే, ఇంటికొచ్చి రెండు గ్లాసులు తాగితే తిరిగొచ్చేస్తుంది.

ఒక్క చోట మాత్రం ఇది తక్కువ చూపిస్తుంది, అది ఇసుక. బీచ్‌లోకి దిగి పొడి ఇసుకలో నడిస్తే కాలు దిగబడి, మళ్ళీ లాక్కుని వెయ్యాలి కదా. 1998లో బెల్జియంలో పరిశోధకులు కొలిచి చూస్తే గట్టి నేల మీద కన్నా ఇసుకలో నడవడానికి 2.1 నుంచి 2.7 రెట్లు ఎక్కువ శక్తి ఖర్చవుతుందని తేలింది. బ్యాండుకి అది ఇసుకో తారు రోడ్డో తెలీదు, ఇసుకలో మన అడుగు చిన్నదైపోతుంది, వేగం తగ్గుతుంది, అది చూసి మెల్లగా నడుస్తున్నారని తేల్చేస్తుంది. మోకాళ్ళ నొప్పులు, మడమ నొప్పి లేనివాళ్ళు వారానికి ఒకట్రెండు సార్లు సబ్‌మెరైన్ ఎదురుగా ఇసుకలోకి దిగి పది నిమిషాలు నడవండి, పిక్కలు చెప్తాయి తేడా. అలలు తడిపిన గట్టి ఇసుక మీద నడిస్తే అంత కష్టం ఉండదు, పొడి ఇసుకే అసలైంది. నొప్పులున్నవాళ్ళు మాత్రం ఇసుకలోకి వద్దు, రోడ్డు మీదే నడవండి.

సరే, 185 క్యాలరీలు అనుకున్నాం. కేజీ కొవ్వు పోవాలంటే సుమారు 7,700 క్యాలరీల లోటు కావాలని ఒక మోటు లెక్క చెప్తారు. రోజుకి 185 చొప్పున, తిండి అస్సలు పెరక్కుండా ఉంటే, కేజీకి నెలన్నర దగ్గర పడుతుంది. నిజానికి బరువు తగ్గేకొద్దీ శరీరం ఖర్చు కూడా తగ్గిస్తుంది కాబట్టి ఇంకొంచెం ఎక్కువే పడుతుంది. బ్యాండు 340 అని చెప్తే మనం మూడు వారాలు అనుకుంటాం. మూడు వారాలయ్యాక మిషనెక్కితే ముల్లు కదల్దు, మనసు విరిగిపోతుంది, నడకే మానేస్తాం. ఈ తప్పు నంబరు చేసే అసలు నష్టం ఇదే, నా మటుకు నాకు దీని మీదే కోపం.

రెండో నష్టం టిఫిన్ దగ్గర. మా ఆయన వాకింగయ్యాక బ్యాచ్‌తో కలిసి టిఫిన్ సెంటరుకి వెళ్ళేవారు. బ్యాండు 400 చూపించింది కదా, ఈ రోజు పెసరట్టు ఉప్మా తినొచ్చులే అనేవారు. నేను వంటింట్లో పెద్ద చెంచాతో నూనె కొలిచి చూపించాను. 15 మిల్లీలీటర్ల చెంచా ఒక్కటి 120 క్యాలరీలు. అట్టు చుట్టూ పోసే నూనె, ఉప్మాలో నెయ్యి, పైన అల్లం చట్నీలో బెల్లం, ఇవన్నీ కలిపితే గంట నడక లాభం మొదటి అట్టు సగంలోనే తీరిపోతుంది. యాప్‌లో ఫుడ్ ఎంటర్ చేసే చోట "దోశ" ఉంది గానీ ఎంత నూనె వేశారో అది అడగదు, దిబ్బరొట్టి అస్సలు లేదు, చోడి (రాగి) అంబలి లేదు. మాట్లాడితే గొడవవుతుందని మానేసి నేను చేసిందేంటంటే, ఇంట్లోనే చోడి అంబలి మజ్జిగ పోసి, ఉల్లిపాయ ముక్కలేసి పెట్టడం మొదలెట్టా, బీచ్ రోడ్డు మీద అమ్మే మొలకలు కూడా మంచివే, కొబ్బరి బొండాం కూడా పర్లేదు, ఒక గ్లాసు నీళ్ళకి 45 క్యాలరీల దగ్గరే ఉంటుంది. జ్యూస్ బండి దగ్గర మాత్రం పంచదార వెయ్యొద్దని ముందే చెప్పాలి. మూడు నెలలు తిరిగేసరికి ఆయన ప్యాంట్లు వదులయ్యాయి, బ్యాండు నంబరు మాత్రం ఏమీ మారలేదు.

దీనికి పెద్ద స్థాయిలో సాక్ష్యం కూడా ఉంది. 2016లో పిట్స్‌బర్గ్ యూనివర్సిటీ వాళ్ళు 471 మందిని రెండేళ్ళు చూశారు. అందరికీ తిండి, వ్యాయామం గురించి ఒకేలా సలహాలిచ్చారు, ఆరు నెలలయ్యాక సగంమందికి ఒంటికి పెట్టుకునే ట్రాకర్ ఇచ్చారు. చివరికి ట్రాకర్ పెట్టుకున్నవాళ్ళు సగటున 3.5 కేజీలు తగ్గితే, పెట్టుకోనివాళ్ళు 5.9 కేజీలు తగ్గారు. వాళ్ళు కుర్రాళ్ళు, మనలాంటి వయసు వాళ్ళు కాదు, అయినా ఆలోచించాల్సిన సంగతే. మరి బ్యాండు ఎందుకు అంటారా? నేను దీన్ని బరువు తగ్గించే వస్తువులాగా చూడట్లేదు, నడిచానా లేదా, ఎంత సేపు, ఎంత చురుగ్గా అని చెప్పే చిట్టాపుస్తకంలాగా చూస్తున్నా. ఆ పనికి ఇది చాలా నిజాయితీగా పనిచేస్తుంది.

చురుగ్గా అన్నాను కదా, అది ఎలా చూసుకోవాలో చెప్తా, ఇదే ఈ బ్యాండులో నాకు బాగా నచ్చింది. సెషన్ అయిపోయాక నిమిషానికి ఎన్ని అడుగులో గ్రాఫ్ వస్తుంది. నిమిషానికి 100 దాటితే ఒక మాదిరి వ్యాయామం కింద లెక్క. మాట్లాడగలగాలి, పాట పాడలేకపోవాలి, ఆ వేగం అన్నమాట. మొదట్లో ఫ్రెండ్స్‌తో కబుర్లాడుకుంటూ నడిచిన రోజుల్లో నాది 85 దగ్గర తిరిగేది, ఇప్పుడు 110 మీద ఉంటోంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో చెప్పింది కూడా వారానికి 150 నుంచి 300 నిమిషాలు ఇలాంటి వేగంతో కదలమనే, 10,000 అడుగులని కాదు. ఆ 10,000 లెక్క ఎక్కడిదంటే, టోక్యో ఒలింపిక్స్ అయిన మరుసటేడాది, 1965లో, జపాన్లో ఒక కంపెనీ అడుగులు లెక్కపెట్టే మిషను అమ్ముకోడానికి పెట్టిన నంబరు. చెడ్డదేం కాదు, అందుకోగలిగితే మంచిదే, కానీ 7,000 నడిచి మిగతా మూడు వేలకి రాత్రి పదకొండింటికి హాల్లో గిరగిరా తిరగక్కర్లేదు. షుగరున్నవాళ్ళకి ఆ టైములో తిరిగేకన్నా భోజనం అయిన వెంటనే పది పదిహేను నిమిషాలు మేడ మీదో, వీధిలోనో నడిస్తే ఎక్కువ లాభం, నా గ్లూకోమీటర్లో ఆ తేడా కళ్ళారా చూశాను. గంటసేపు కదలకుండా కూర్చుంటే చేతి మీద ఝుమ్మని వణికి లేపుతుంది చూడండి, ఆ ఒక్క ఫీచర్‌ని మాత్రం ఆపెయ్యకండి.

బ్యాండుకి పెద్ద పరీక్ష సింహాచలం గిరి ప్రదక్షిణ రోజున జరిగింది. ఆషాఢ పౌర్ణమి ముందు రోజు కొండ కింద తొలిపావంచా (మొదటి మెట్టు) దగ్గర కొబ్బరికాయ కొట్టి బయల్దేరాం, హనుమంతవాక, అప్పుఘర్, సీతమ్మధార, మాధవధార, ఎన్‌ఏడీ, గోపాలపట్నం మీదుగా మళ్ళీ కొండ కిందకి, మొత్తం 32 కిలోమీటర్లు. పొద్దున్నే ఫుల్ ఛార్జ్ చేసి పెట్టుకున్నా, ఫోను జీపీఎస్‌తో కలిపి నడిపా. బ్యాండు తెల్లారేదాకా బతికే ఉంది గానీ ఫోనే దారిలో చచ్చిపోయింది, పవర్ బ్యాంకు ఉండబట్టి సరిపోయింది. దూరం 33 చిల్లర చూపించింది, జనంలో అటూ ఇటూ తిరుగుతాం కాబట్టి అది న్యాయమే. అడుగులు 49 వేలు దాటాయి, అదీ నమ్మొచ్చు. క్యాలరీలు మాత్రం 2,900 అంది. నా బరువుకి, ఆ నింపాది నడకకి, జనం కోసం ఆగినవి, కూర్చున్నవి పోను, ఎంత ఉదారంగా లెక్కేసినా 1,700 దాటదు. దారిపొడుగునా పులిహోర, మజ్జిగ, పళ్ళు, ఎవరో ఒకరు చేతిలో పెడుతూనే ఉంటారు, అది ప్రసాదం, అక్కడ క్యాలరీల లెక్క చూడాల్సిన పనే లేదు. మర్నాడు బరువు చూసుకుంటే కేజీన్నర పెరిగాను, కాళ్ళు వాచి నీరు పట్టింది, రెండ్రోజులకి దిగిపోయింది. పెద్ద నడక అయిన మర్నాడు మిషనెక్కి కంగారుపడేవాళ్ళకి ఈ ముక్క పనికొస్తుందని రాస్తున్నా.

కైలాసగిరి మెట్లెక్కేవాళ్ళకి: ఈ రేటు బ్యాండ్లలో ఎత్తు కొలిచే సెన్సారు ఉండదు, మెట్లెక్కినా చదునులో నడిచినట్టే రాసుకుంటుంది, హార్ట్ రేట్ గ్రాఫ్ చూసుకోవాల్సిందే. నిద్ర లెక్క సుమారుగా ఉంటుంది, పడుకుని టీవీ చూస్తున్నా నిద్రే అనుకుంటుంది. ఆక్సిజన్, స్ట్రెస్ అని చూపించేవి నేను పట్టించుకోను.

మన ఊరి ఉప్పుగాలి సంగతి మాత్రం కొనేముందు తెలుసుకోవాలి. ఛార్జింగ్ పెట్టే చోట వెనకాల రెండు చిన్న ఇత్తడి రంగు చుక్కలుంటాయి, ఆరు నెలలకల్లా నాదాని మీద ఆకుపచ్చగా చిలుము పట్టింది, ఛార్జింగ్ ఎక్కడం మానేసింది. కస్టమర్ కేర్‌కి ఫోన్ చేస్తే తుప్పు వారంటీలోకి రాదన్నారు. పాత టూత్ బ్రష్‌తో మెల్లగా రుద్ది, పొడిబట్టతో తుడిస్తే మళ్ళీ ఎక్కింది. అప్పట్నుంచి బీచ్ నుంచి రాగానే మంచినీళ్ళతో కడిగి, ఆరాకే ఛార్జింగ్ పెడుతున్నా. 50 మీటర్ల వాటర్‌ప్రూఫ్ అని డబ్బా మీద ఉన్నా వేడినీళ్ళ స్నానానికి, సబ్బు నురగకి పెట్టుకోవద్దు, రబ్బరు సీలు పాడవుతుంది. స్ట్రాప్ కింద చెమట, ఉప్పు చేరి ఎండాకాలంలో నాకు ఎర్రగా దద్దుర్లొచ్చాయి, రాత్రిళ్ళు తీసేసి చర్మానికి గాలి తగలనిస్తే తగ్గిపోయాయి. కంపెనీ స్ట్రాప్ ఏడాదికి బక్కిల్ దగ్గర తెగింది, జగదాంబ వైపు మొబైల్ షాపుల్లో 150కి నైలాన్ స్ట్రాప్ దొరికింది, దానికన్నా ఇదే హాయిగా ఉంది, తొందరగా ఆరుతుంది. బ్యాటరీ 14 రోజులన్నారు, హార్ట్ రేట్ ఎప్పుడూ ఆన్‌లో ఉంచితే ఎనిమిది తొమ్మిది రోజులొస్తుంది.

ఒక జాగ్రత్త. బీపీకో, గుండెకో బీటా బ్లాకర్ మందులు వాడేవాళ్ళకి హార్ట్ రేట్ ఎంత నడిచినా పెద్దగా పెరగదు, బ్యాండు చూపించే హార్ట్ రేట్ జోన్లు వాళ్ళకి వర్తించవు, ఇంకా వేగం పెంచమని చూపిస్తుంది, వినకండి, ఎంత వేగం సరిపోతుందో డాక్టర్నే అడగండి. నడుస్తుంటే గుండెల్లో బరువుగా అనిపించినా, ఎడమ చెయ్యి లాగినా బ్యాండులో అంతా మామూలుగా ఉంది కదా అని ఊరుకోకండి, ఆ సంగతి అది చెప్పలేదు, వెంటనే హాస్పిటల్‌కి వెళ్ళిపోండి.

నేను ఇప్పుడు 68 కేజీల మీదున్నాను, నడుము 94 నుంచి 86కి వచ్చింది, షుగరు బోర్డర్ కిందకి దిగింది. రాత్రి అన్నం కప్పుతో కొలుచుకుని తినడం, నడక, రెండూ కలిస్తే వచ్చింది ఇది, ఏ ఒక్కదానితోనూ కాదు. బరువు తగ్గేకొద్దీ యాప్‌లో కొత్త బరువు మార్చుకుంటూ ఉండాలి, లేకపోతే పాత బరువుకే లెక్క కడుతుంది. స్క్రీన్ మీద క్యాలరీల గడి తీసేసి ఆ చోట నడిచిన నిమిషాలు వచ్చేలా పెట్టుకున్నా, వాచ్ ఫేస్ ఎడిట్‌లోకి వెళ్తే అయిపోతుంది.

మా అత్తయ్యగారికి 71 ఏళ్ళు, మమ్మల్ని చూసి ఆవిడ కూడా అడిగితే ఇదే ఇంకోటి కొన్నాం, శివాజీ పార్కులో సాయంత్రాలు నడుస్తారు. పెద్దవాళ్ళకి కొనిచ్చేవాళ్ళు ఒక పని చెయ్యండి, డబ్బాలోంచి తియ్యగానే టార్గెట్ 10,000 అని ఉంటుంది, అది మార్చి ఇవ్వండి. 2019లో హార్వర్డ్ వాళ్ళు సగటున 72 ఏళ్ళున్న పదహారు వేలమంది పైచిలుకు ఆడవాళ్ళని చూస్తే, రోజుకి 2,700 అడుగులు నడిచేవాళ్ళకన్నా 4,400 నడిచేవాళ్ళలో చావులు 41 శాతం తక్కువున్నాయి, 7,500 దాటాక ఇంకా నడిచినా పెద్ద తేడా కనపడలేదు. అత్తయ్యగారికి 4,500 పెట్టాం, అక్షరాలు పెద్దవి చేశాం, నోటిఫికేషన్లన్నీ ఆపేశాం. టార్గెట్ పూర్తవగానే చేతి మీద ఝుమ్మంటే ఆవిడ ఆగి, బెంచీ మీద కూర్చుని నాకు ఫోన్ చేసి చెప్తారు. మీ అమ్మగారికో, నాన్నగారికో కొనిచ్చేటప్పుడు మొదట వారం రోజులు ఏ టార్గెట్టూ పెట్టకుండా మామూలుగా ఎంత నడుస్తున్నారో చూసి, దానికి ఒక ఐదొందలు కలిపి పెట్టండి, అలవాటయ్యాక ఇంకో ఐదొందలు పెంచండి.